ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లకు ట్యూబ్ యాంప్ తీసుకోవాలా, ట్రాన్సిస్టర్ యాంపా?

ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు ఇంటికి రాగానే మొదలయ్యే వాదన ఇది. ట్యూబ్ అభిమానులు ఒకటి చెప్తారు, ట్రాన్సిస్టర్ వాళ్లు ఇంకొకటి. యాంప్ వైపు నుంచి మొదలుపెడితే ఈ వాదన తెగదు. ముందు స్పీకర్ మాన్యువల్ తెరిచి మూడు సంగతులు చూడండి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంపెడెన్స్ (ఏసీ సిగ్నల్‌కు స్పీకర్ ఇచ్చే అడ్డు) ఎంతకు పడుతోంది? ఎన్ని వోల్టుల వరకు తట్టుకుంటుంది? బేస్ మోసేది ప్యానెలేనా (ధ్వని పుట్టించే పలుచటి పలక), విడిగా ఊఫర్ (బేస్ కోసం పెట్టే మామూలు కోన్ స్పీకర్) ఉందా? ఈ మూడూ తెలిస్తే సగం యాంప్‌లు జాబితాలోంచి వాటంతటవే పోతాయి.

యాంప్‌కు కనిపించేది ఒక కెపాసిటర్

చిల్లులున్న రెండు స్టేటర్ల (కదలని పలకల) మధ్య కొన్ని మైక్రాన్ల మందం ఉన్న ప్లాస్టిక్ పొర బిగించి ఉంటుంది. ఆ పొర మీద వేల వోల్టుల బయాస్ (స్థిరమైన డీసీ వోల్టేజీ) నిలిచి ఉంటుంది. యాంప్ నుంచి వచ్చే సిగ్నల్‌ను స్పీకర్ లోపలి స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ యాభై నుంచి నూట యాభై రెట్లు పెంచి స్టేటర్లకు ఇస్తుంది. స్టేటర్లూ పొరా కలిసి విద్యుత్ పరంగా ఒక కెపాసిటరే. ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉన్న ఆ కెపాసిటెన్స్ ఇవతలి వైపుకు రేషియో వర్గమంత రెట్లు పెరిగి కనిపిస్తుంది.

ఉదాహరణకు ప్యానెల్ 1000 పికోఫారడ్లు, రేషియో 1:75 అనుకుందాం. యాంప్‌కు కనిపించేది 75 × 75 × 1000, అంటే దాదాపు 5.6 మైక్రోఫారడ్లు. దాని ఇంపెడెన్స్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 28 ఓమ్‌లు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 2.8, 20 దగ్గర 1.4. వెనక ‘8 ఓమ్‌లు’ అని రాసి ఉన్నా ఆ అంకె పేరుకే. మార్టిన్‌లోగన్ ఎలక్ట్రోమోషన్ ఈఎస్ఎల్‌కు (ఈఎస్ఎల్ అంటే ఎలక్ట్రోస్టాటిక్ లౌడ్‌స్పీకర్) కంపెనీ ఇచ్చిన వివరం 6 ఓమ్‌లు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.6. అదే కంపెనీ సమ్మిట్ ఎక్స్‌కైతే 4 ఓమ్‌లు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.7. బ్రిటిష్ కంపెనీ క్వాడ్ మొదటి ఈఎస్ఎల్, ఇప్పుడు అందరూ 57 అని పిలిచేది, బేస్‌లో 30 ఓమ్‌ల పైకి వెళ్లి ట్రెబుల్ చివర 2 ఓమ్‌ల కిందికి దిగుతుంది.

20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.7 ఓమ్ చూసి భయపడక్కర్లేదు. సంగీతంలో ఆ ఎత్తున ఉండే శక్తి చాలా తక్కువ, అక్కడ వందల వాట్లు ఎవరూ అడగరు. అసలు చిక్కులు రెండు. యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (యాంప్ లోపలి సొంత అడ్డు) ట్రెబుల్‌ను ఎంత మింగేస్తుందన్నది ఒకటి. కెపాసిటర్ ఎదురైనప్పుడు యాంప్ కుదురుగా ఉంటుందా అన్నది రెండోది.

ట్రెబుల్ ఎంత పోతుంది

పై 5.6 మైక్రోఫారడ్ల ప్యానెల్‌నే తీసుకుని లెక్క వేద్దాం. యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 2 ఓమ్‌లు అయితే, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి తప్పు దిద్దుకునే ఏర్పాటు) లేని సింగిల్ ఎండెడ్ (తరంగం మొత్తాన్నీ ఒకే వైపు ట్యూబ్ మోసే) ట్యూబ్ యాంప్‌లలో ఇది మామూలే, 5 కిలోహెర్ట్జ్ దగ్గర అర డెసిబెల్ తగ్గుతుంది. 10 దగ్గర 1.8, 20 దగ్గర 4.8 డెసిబెల్స్. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 0.5 ఓమ్ అయితే, మంచి పుష్-పుల్ (జత ట్యూబులు భారం పంచుకునే) ట్యూబ్ యాంప్‌లో ఇది దొరుకుతుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా పోయేది అర డెసిబెలే. 0.05 ఓమ్ ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్‌తో పోయేది ఏమీ లేదు. నిజమైన స్పీకర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లీకేజీ ఇండక్టెన్స్, లోపలి రెసిస్టర్లు కూడా ఉంటాయి కాబట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, దిశ మాత్రం మారదు.

బేస్‌లో దీనికి తిరగేసిన వ్యవహారం. అక్కడ ఇంపెడెన్స్ ఎక్కువ కాబట్టి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువున్న యాంప్ ఆ ప్రాంతాన్ని తగ్గించదు. కింద నిలిచి పైన తగ్గేసరికి గొంతులు నిండుగా, తాళాలు మెత్తగా వినిపిస్తాయి. ‘ట్యూబ్ వెచ్చదనం’ అని మురిసిపోయేదాంట్లో పెద్ద వాటా ఈ ఒక్క రెసిస్టెన్స్‌దే. అది నచ్చడం తప్పేమీ కాదు. దానికోసం లక్షలు పోసేముందు చవకలో పరీక్షించవచ్చు: మీ ట్రాన్సిస్టర్ యాంప్ ఎర్ర తీగకు వరుసలో 1 ఓమ్, 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టండి (0.47 ఓమ్, 10 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్లు రెండు వరుసగా కలిపినా సరిపోతుంది). రెండు ఛానెళ్లకూ పెట్టి వారం రోజులు వినండి. మీరు వెతుకుతున్న ధ్వని ఇదే అయితే ఖర్చు వంద రూపాయలతో తేలిపోయినట్టే.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కొలవడం

బ్రోచర్‌లో డ్యాంపింగ్ ఫ్యాక్టర్ ఉంటే 8ని దాంతో భాగించండి. 16 అంటే 0.5 ఓమ్, 4 అంటే 2 ఓమ్‌లు. ట్యూబ్ కంపెనీలు చాలామటుకు ఈ అంకె వేయవు, వేయకపోవడమే ఒక సూచన అనుకోండి.

ఇంట్లో కొలవాలంటే 8 ఓమ్‌లు, 25 వాట్ల రెసిస్టర్లు రెండు చాలు. రెండూ వరుసగా కలిపి 16 ఓమ్‌ల లోడ్ చేసి, ఫోన్ నుంచి 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్ ఏసీలో 2.83 వోల్టులు వచ్చేలా వాల్యూమ్ తిప్పండి. యాంప్ ఆపి, వాల్యూమ్ ముట్టకుండా, ఒకే రెసిస్టర్ అంటే 8 ఓమ్‌లతో మళ్లీ చదవండి. మొదటి రీడింగ్ 2.83, రెండోది 2.70 అనుకుందాం. తేడా 0.13 వోల్టులు. మొదట పారిన కరెంటు 2.83 ÷ 16 = 0.177 ఆంపియర్లు, తర్వాతది 2.70 ÷ 8 = 0.338, తేడా 0.161. 0.13ను 0.161తో భాగిస్తే 0.8 ఓమ్. 400 హెర్ట్జే ఎందుకంటే చవక మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో తప్పు చదువుతాయి. లోడ్ పూర్తిగా తీసేసి కొలిచే పద్ధతి ట్రాన్సిస్టర్ యాంప్‌కు పర్వాలేదు. ట్యూబ్ యాంప్‌తో వద్దు, లోడ్ లేకుండా సిగ్నల్ ఇస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజీ లేచి ఇన్సులేషన్ పగిలే ప్రమాదం ఉంది.

వోల్టేజీ హద్దు, అసలు డబ్బు పోయేది ఇక్కడే

మామూలు స్పీకర్‌ను ఎక్కువ వాట్లతో కాయిల్ కాల్చేస్తారు. ఎలక్ట్రోస్టాటిక్‌ను కాల్చేది వాట్లు కాదు, పీక్ వోల్టులు, అంటే తరంగం చేరే గరిష్ఠ వోల్టేజీ. హద్దు దాటితే పొరకూ స్టేటర్‌కూ మధ్య నిప్పురవ్వ లేస్తుంది, పొరకు చిల్లు పడుతుంది, ఆ ప్యానెల్ పని ఇక అయిపోయినట్టే.

క్వాడ్ స్థాపకుడు పీటర్ వాకర్ 1957లో తెచ్చిన క్వాడ్ ఈఎస్ఎల్ హద్దు 33 వోల్టుల పీక్. వాట్లలోకి మారిస్తే 8 ఓమ్‌ల లెక్కన 68. ‘100 వాట్లు’ అని రాసిన ట్రాన్సిస్టర్ యాంప్ 40 వోల్టుల పీక్ ఇవ్వగలదు. ఒక్కసారి ప్రీయాంప్ తీగ ఊడితే చాలు, ట్రెబుల్ ప్యానెల్ పోతుంది. అదే క్వాడ్ వాళ్ల ట్యూబ్ యాంప్ క్వాడ్ 2, కేటీ66 ట్యూబులతో 15 వాట్లది, 15 ఓమ్‌ల అవుట్‌పుట్ మీద పూర్తిగా తెరిచినా 21 వోల్టులే ఇస్తుంది. 1967 నాటి ట్రాన్సిస్టర్ యాంప్ 303, 45 వాట్లది, 27 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. ఈ రెండూ 57కి నిశ్చింతగా సరిపోతాయి. క్వాడ్ వాళ్లదే 405 రకం 100 వాట్ల యాంప్‌ను లిమిటర్ (వోల్టేజీని హద్దు దాటనివ్వని సర్క్యూట్) లేకుండా 57కి తగిలించకండి.

1981లో వచ్చిన ఈఎస్ఎల్-63కి సొంత రక్షణ ఉంది. 40 వోల్టుల పీక్ వరకు శుభ్రంగా పాడుతుంది. లోపల నిప్పురవ్వ జాడ తగిలితే ఒక ట్రయాక్ (ఎలక్ట్రానిక్ స్విచ్) ఇన్‌పుట్‌నే షార్ట్ చేసేస్తుంది. స్పీకర్ బతుకుతుంది, షార్ట్ సర్క్యూట్ రక్షణ లేని ట్రాన్సిస్టర్ యాంప్ మాత్రం అక్కడికక్కడే పోవచ్చు. 40 వోల్టులంటే సరిగ్గా 8 ఓమ్‌ల మీద 100 వాట్లు. ఈ స్పీకర్ 2.83 వోల్టులకు మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తుంది, 40 వోల్టుల పీక్ అంటే దానికి 20 కలిపి 106. అంతకు మించి అది ఇవ్వలేదు, కాబట్టి 63కి 200 వాట్ల యాంప్ కొనడం వృథా.

మీ స్పీకర్‌కు హద్దు ఎంతో తెలిస్తే యాంప్ వాట్లు ఇలా చూడండి: పీక్ వోల్టేజీని వర్గం చేసి 16తో భాగిస్తే 8 ఓమ్‌ల రేటింగ్ వస్తుంది. అంతకంటే పెద్ద యాంప్ పాత ప్యానెళ్లకు వద్దు.

ట్రాన్సిస్టర్ యాంప్‌లో చూడాల్సినవి

కెపాసిటర్ లోడ్‌లో కరెంటు వోల్టేజీ ఒకేసారి ఎక్కవు. వోల్టేజీ సున్నా దగ్గరున్నప్పుడు కరెంటు గరిష్ఠంగా ఉంటుంది, ఆ క్షణాన సప్లై వోల్టేజీ మొత్తం ట్రాన్సిస్టర్ మీదే పడుతుంది. ±45 వోల్టుల సప్లై, 8 ఓమ్‌ల మామూలు రెసిస్టర్ లోడ్ అయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ మీద గరిష్ఠ క్షణిక భారం 63 వాట్లు. అదే 8 ఓమ్‌లు పూర్తి కెపాసిటర్ అయితే 329 వాట్లు, అయిదు రెట్ల పైమాటే. ఒక్క జత అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లతో 100 వాట్లు చెప్పుకునే యాంప్‌లు ఇక్కడే తడబడతాయి. వాటి రక్షణ సర్క్యూట్ భయపడి కరెంటు తెంచేస్తే, తాళాల మీద చిటపట శబ్దం వస్తుంది. చాలామంది అది ప్యానెల్ లోపం అనుకుంటారు. ఛానెల్‌కు కనీసం రెండు జతల అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, 4 ఓమ్‌ల రేటింగ్ 8 ఓమ్‌ల రేటింగ్‌కు రెట్టింపుకు దగ్గరగా, 2 ఓమ్‌లకు కూడా కంపెనీ రేటింగ్ ఇచ్చినవి చూడండి. హోమ్ థియేటర్ రిసీవర్లు వద్దు. వాటి వెనక ఉండే ‘4 ఓమ్‌లు’ స్విచ్ చాలాసార్లు సప్లై వోల్టేజీని తగ్గించడం తప్ప ఇంకేమీ చేయదు.

రెండో ప్రమాదం ఆసిలేషన్. ఫీడ్‌బ్యాక్ ఉన్న యాంప్‌కు కెపాసిటర్ లోడ్ తగిలితే ఫేజ్ మార్జిన్ (ఊగకుండా కాపాడే వెసులుబాటు) తగ్గి, వినపడని ఫ్రీక్వెన్సీలో యాంప్ తనంతట తాను ఊగడం మొదలుపెడుతుంది. దీన్ని ఆపడానికే అవుట్‌పుట్ దగ్గర కొన్ని మైక్రోహెన్రీల కాయిల్, పక్కనే చిన్న రెసిస్టర్-కెపాసిటర్ జోడీ పెడతారు. ఆ కాయిల్ తీసేసిన ‘స్వచ్ఛమైన’ డిజైన్లు ఈ స్పీకర్లకు పనికిరావు. వర్క్‌షాప్ పరీక్ష పాతదే: 8 ఓమ్‌ల రెసిస్టర్‌కు సమాంతరంగా 2 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్ పెట్టి, 10 కిలోహెర్ట్జ్ చదరపు తరంగం తక్కువ స్థాయిలో ఇచ్చి స్కోప్‌లో (తరంగాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్) చూడండి. అంచు దగ్గర మూడు నాలుగు ఊపులు ఊగి ఆగితే మంచిదే. ఆగకుండా ఊగుతూనే ఉంటే ఆ యాంప్ వదిలేయండి.

స్కోప్ లేనివాళ్లకు చేతి పరీక్ష ఉంది. సిగ్నల్ లేకుండా స్పీకర్ తగిలించకుండా యాంప్ అరగంట ఉంచి హీట్‌సింక్ ముట్టుకోండి. తర్వాత స్పీకర్ తగిలించి మళ్లీ అరగంట. రెండోసారి స్పష్టంగా ఎక్కువ వేడెక్కితే ఆసిలేషన్ జరుగుతోందనే లెక్క. ట్యూబ్ యాంప్‌కు ఈ పరీక్ష వర్తించదు, దానికి లోడ్ ఎప్పుడూ ఉండాలి. మిగతా అంతా బాగుండి ఇదొక్కటే సమస్య అయితే 0.5 ఓమ్ రెసిస్టర్ వరుసలో పెడితే చాలాసార్లు కుదురుకుంటుంది.

మూడోది ఎవరూ పట్టించుకోని డీసీ ఆఫ్‌సెట్, అంటే సిగ్నల్ లేనప్పుడూ యాంప్ అవుట్‌పుట్‌లో మిగిలే చిన్న డీసీ వోల్టేజీ. పూర్తి శ్రేణి ప్యానెళ్లలో యాంప్ నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని చూస్తుంది, దాని డీసీ రెసిస్టెన్స్ ఒక ఓమ్ లోపు ఉండొచ్చు. 0.5 ఓమ్ మీద 50 మిల్లీవోల్టులు పడితే 100 మిల్లీఆంపియర్ల డీసీ ఆగకుండా పారుతుంది, కోర్ ఒక వైపుకు వంగి బేస్‌లో డిస్టార్షన్ వస్తుంది. యాంప్ వేడెక్కాక 10-15 మిల్లీవోల్టుల లోపు ఉందో లేదో చూసుకోండి. రికార్డ్ ప్లేయర్ వాడేవాళ్లు 20 హెర్ట్జ్ దగ్గర సబ్‌సోనిక్ ఫిల్టర్ కూడా వేసుకోవాలి, వంకర రికార్డు తెచ్చే నెమ్మది ఊపు అదే ట్రాన్స్‌ఫార్మర్‌ను సాచురేట్ చేస్తుంది.

క్లాస్ డీ (వేగంగా స్విచ్ అవుతూ పనిచేసే) యాంప్‌ల గురించి ఒక్క మాట. అవుట్‌పుట్ ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే హైపెక్స్, ప్యూరిఫై మాడ్యూళ్ల లాంటివైతే పరిశీలించవచ్చు. ఫిల్టర్‌కు ముందే ఫీడ్‌బ్యాక్ ముగిసే చవక బోర్డుల్లో ట్రెబుల్ స్పందన లోడ్‌ను బట్టి మారిపోతుంది, వాటిని దూరం పెట్టండి.

ట్యూబ్ యాంప్ తీసుకుంటే

షార్ట్‌నూ కెపాసిటర్ లాంటి రియాక్టివ్ లోడ్‌నూ ట్యూబులు కాసేపు సహిస్తాయి, చిటపటలు పెట్టే రక్షణ సర్క్యూట్లు వాటికి అక్కర్లేదు, డీసీని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే ఆపేస్తుంది. ఇది మంచి వైపు. ఎంపికలో చూడాల్సింది ఆ ట్రాన్స్‌ఫార్మర్ నాణ్యత, ట్యూబుల బ్రాండు కాదు. ఈఎల్34 లేదా కేటీ88 ట్యూబుల పుష్-పుల్, 30 నుంచి 75 వాట్లు, ఓ మోస్తరు ఫీడ్‌బ్యాక్, 4 ఓమ్‌ల ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్పీకర్‌కు తీసిన అవుట్‌పుట్) ఉన్నవి ఎక్కువ ప్యానెళ్లకు సరిపడతాయి. 8 వాట్ల 300బీ ట్యూబ్ సింగిల్ ఎండెడ్ ఎంత ముద్దొచ్చినా 86 డెసిబెల్స్ ప్యానెల్ ముందు చేతులెత్తేస్తుంది.

ట్యాప్ ఎంపిక చెవితోనే తేల్చుకోవాలి, అయితే ఏం జరుగుతుందో తెలిసి తిప్పండి. 8 నుంచి 4 ఓమ్‌ల ట్యాప్‌కు మారితే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ దాదాపు సగమవుతుంది, ట్రెబుల్ తెరుచుకుంటుంది. బదులుగా గరిష్ఠ వోల్టేజీ 3 డెసిబెల్స్ తగ్గుతుంది: 40 వాట్ల యాంప్ 8 ఓమ్‌ల ట్యాప్‌లో 25 వోల్టుల పీక్ ఇస్తే 4లో 18 ఇస్తుంది. పైన 1.5 ఓమ్‌ల కిందికి పడే ప్యానెళ్లకు 4తో మొదలుపెట్టండి. క్వాడ్ 57కి 8 లేదా 16తో మొదలుపెట్టండి, దానికి బేస్‌లో వోల్టులు కావాలి.

ట్రాన్స్‌ఫార్మర్ లేని ఓటీఎల్ ట్యూబ్ యాంప్‌లు బేస్‌లో ఎక్కువ ఇంపెడెన్స్ ఉండే పూర్తి శ్రేణి ప్యానెళ్లతో బాగుంటాయి, 57తో వాటి జోడీకి పాత పేరుంది. 0.7 ఓమ్‌కు పడే హైబ్రిడ్‌లకు (ప్యానెల్‌కు తోడు ఊఫర్ ఉన్నవాటికి) అవి తగవు. ఓటీఎల్‌లో డీసీ ఆఫ్‌సెట్ కూడా తప్పకుండా చూడాలి.

మన ఊళ్లలో రెండు అదనపు లెక్కలున్నాయి. రాత్రిపూట లైన్ వోల్టేజీ 250కి లేచే చోట 230కి కట్టిన యాంప్‌లో 6.3 వోల్టుల హీటర్ 6.85కి చేరుతుంది, పది శాతం హద్దుకు ఆనుకుని. ఫిక్స్‌డ్ బయాస్ యాంప్ అయితే బయాస్‌ను (ఇది ప్యానెల్ బయాస్ కాదు, ట్యూబుల నిశ్చల కరెంటును నిర్ణయించేది) ఆ వేళలోనే సరిచూడండి, లేదంటే స్టెబిలైజర్ పెట్టండి. రెండోది అమెరికా నుంచి సామాను తెచ్చుకునేవాళ్లకు. 120 వోల్టుల స్పీకర్ బయాస్ సప్లైని ఇక్కడి ప్లగ్గులో గుచ్చితే అప్పుడే పోతుంది. ప్యానెల్ బయాస్‌కు కొన్ని వాట్లే కావాలి, చిన్న స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు, పవర్డ్ ఊఫర్ (సొంత యాంప్ ఉన్న ఊఫర్) ఉన్న మోడళ్లకు మాత్రం పెద్దది కావాలి. 60 హెర్ట్జ్‌కే కట్టిన ట్యూబ్ యాంప్‌ను 50 హెర్ట్జ్ మీద నడిపితే కోర్‌లో ఫ్లక్స్ 20 శాతం పెరిగి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది, స్టెప్-డౌన్ పెట్టినా ఈ ఇబ్బంది పోదు. నేమ్‌ప్లేట్ మీద 50/60 అని ఉందేమో చూసి తెచ్చుకోండి.

ఊఫర్ ఉన్న హైబ్రిడ్‌లు

సమ్మిట్ ఎక్స్ లాంటి పవర్డ్ ఊఫర్ మోడళ్లలో మీ యాంప్ మోసేది ప్యానెల్‌ను మాత్రమే. వోల్టులు తక్కువ చాలు, కానీ 0.7 ఓమ్ ఉంది కదా, అక్కడ 0.7 ఓమ్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న ట్యూబ్ యాంప్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ వరకు తినేస్తుంది, 10 దగ్గర ఒక డెసిబెల్. పాసివ్ ఊఫర్ ఉన్న ఎలక్ట్రోమోషన్ లాంటివాటికి బేస్ బిగువు కూడా యాంపే ఇవ్వాలి. వీటికి ట్రాన్సిస్టర్ యాంపే సులువైన దారి.

బై-వైర్ టెర్మినళ్లు (ప్యానెల్‌కు, ఊఫర్‌కు వేర్వేరుగా) ఉంటే ప్యానెల్‌కు ట్యూబ్, ఊఫర్‌కు ట్రాన్సిస్టర్ అనే కోరిక పుడుతుంది. చేయవచ్చు, మూడు జాగ్రత్తలతో. టెర్మినళ్ల మధ్య లోహపు పట్టీలు తీసేయాలి, మరిచిపోతే రెండు యాంప్‌లూ ఒకదానిలోకి ఒకటి కరెంటు పోస్తాయి. గెయిన్ సమానం చేయాలి: ఒకటి 26 డెసిబెల్స్, ఇంకొకటి 29 అయితే 29 ఉన్నదానికి 3 డెసిబెల్స్ తగ్గింపు పెట్టాలి. కొన్ని ట్యూబ్ యాంప్‌లు పోలారిటీ తిప్పేస్తాయి, అలాంటిదైతే దాని స్పీకర్ తీగలు మార్చి తగిలించండి. క్రాసోవర్ ప్రాంతంలో (ఊఫర్ నుంచి ప్యానెల్‌కు ధ్వని మారే చోట) గొంతు పలచగా, వెనక్కి పోయినట్టు వినిపిస్తే మొదట అనుమానించాల్సింది ఈ పోలారిటీనే.

తగిలించేటప్పుడు

కేబుల్ మామూలు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి జంట తీగ చాలు. మూడు మీటర్లకు రాను పోను కలిపి 0.04 ఓమ్ మాత్రమే. అల్లిక కేబుళ్లు, పట్టీ కేబుళ్లలో కెపాసిటెన్స్ ఎక్కువ, ఆసిలేషన్‌కు దారి తీసే ఖరీదైన మార్గాలు అవి. తీగ పొడవు పెరిగితే ఇండక్టెన్స్ పెరుగుతుంది, యాంప్‌ను స్పీకర్ల దగ్గరికి జరపడం మేలు.

ముందు స్పీకర్ల బయాస్ ఆన్ చేసి కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రంతా ఛార్జ్ అవనివ్వండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలం తేమకు ఛార్జ్ కారిపోయి ఒక వైపు శబ్దం తగ్గుతుంది. నింద యాంప్ మీద వేసేముందు ఎడమ కుడి స్పీకర్ తీగలు మార్చి చూడండి. తగ్గుదల అదే స్పీకర్‌లో ఉండిపోతే తప్పు ప్యానెల్‌దో బయాస్‌దో, రెండో వైపుకు మారితే యాంప్‌దో దాని ముందున్నదానిదో. తీగలు మార్చేది యాంప్ ఆపాకే. ప్యానెల్ జాలీ ఊడదీసి తుడవాలన్న ఆలోచన వద్దు, ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపల వేల వోల్టులు చాలాసేపు నిలిచి ఉంటాయి.